జీతం లేని కొడుకు కొడుకు కాకపోతాడా?

ప్రశ్న: నా వయసు 41. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో 14 ఏళ్లు పనిచేశాను. ఎనిమిది నెలల క్రితం ఉద్యోగం పోయింది. నా భార్య నర్సు. ఇల్లు, ఇద్దరు పిల్లల ఫీజులు ఆమె జీతం మీదే నడుస్తున్నాయి. కోనసీమలో ఉన్న మా నాన్నగారు రిటైర్డ్ టీచర్. ఆయనకు ఇంకా చెప్పలేదు. ఫోన్ చేస్తే ఆఫీసులో ఉన్నానంటాను. సంఘంలో పురుషుల సహవాసానికి కోశాధికారిని, మూడు నెలలుగా వెళ్లడం మానేశాను. అందరూ లేచి సాక్ష్యాలు చెబుతుంటే కూర్చోలేకపోతున్నాను. ఒక పెద్దాయన ఇంటికి వచ్చి, తన ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడన్న వచనం చదివి, ప్రార్థన చేసి వెళ్లారు. అప్పటి నుంచి వారానికి మూడు రోజులు ఉపవాసం ఉంటున్నాను. రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టదు. ఫోన్లో చూడకూడనివి కూడా చూస్తున్నాను. దేవుడు నన్ను ప్రేమిస్తున్నాడని తెలుసు. ఆదివారం బడిలో పిల్లలకు నేర్పాను కూడా. కానీ అది ఒంటికి పట్టడం లేదు. ఎందుకు? ఏం చేయాలి? – ఒక సోదరుడు

సమాధానం:

సోదరా, వందనాలు. ముందు ఆ వచనం సంగతి చూద్దాం. అది మీలో ముల్లులా విరిగి ఉండిపోయింది. దాన్ని తీయకుండా పైన ఏ మందు రాసినా లాభం లేదు.

1 తిమోతి 5:8 ఒంటరి వచనం కాదు. మూడో వచనం నుంచి పదహారో వచనం దాకా ఒక్కటే విషయం నడుస్తుంది: ఎఫెసు సంఘంలోని విధవరాండ్రను ఎవరు పోషించాలి? అరవై ఏళ్లు దాటి, ఎవరూ లేని విధవరాలిని సంఘం పోషించే జాబితాలో చేర్చాలి. పిల్లలో మనుమలో ఉంటే వాళ్లే చూసుకోవాలి. చూసుకోగలిగి ఉండి, ముసలితల్లి భారాన్ని సంఘం మీదికి తోసేసే వాళ్లను ఉద్దేశించి పౌలు ఆ గట్టి మాట అన్నాడు. పదహారో వచనంలో అదే బాధ్యతను విశ్వాసురాలైన స్త్రీకి కూడా అప్పగించాడు. కాబట్టి అది భార్య జీతం, భర్త జీతం తూచే తక్కెడ కాదు. ఇలాంటి సమయాల్లో ఎక్కువగా వినబడే ఇంకో వచనం 2 థెస్సలొనీకయులకు 3:10. అక్కడ మన తెలుగు బైబిలు మాటను ఎంత జాగ్రత్తగా ఎంచుకుందో చూడండి: ‘పనిచేయనొల్లని యెడల’. ఒల్లనివాడు అంటే ఇష్టం లేనివాడు. పని దొరకనివాడు కాదు. ఎనిమిది నెలలుగా పని కోసం తిరుగుతున్న మనిషి మీద ఆ వచనం పడదు.

భార్య సంపాదన మీద బతకడం సిగ్గుగా ఉందని మీరు రాయలేదు కానీ, మీ ఉత్తరం నిండా ఆ సిగ్గే ఉంది. లూకా 8:1-3 ఒకసారి తీయండి. కూజా భార్య యోహన్న, సూసన్న, ఇంకా అనేకమంది స్త్రీలు తమకు కలిగిన ఆస్తితో యేసుకు, ఆయన శిష్యులకు ఉపచారం చేశారు. పన్నెండుమంది మగవాళ్లు, వారి బోధకుడు ఆ సహాయం మీద ఊరూరా తిరిగారు. దాన్ని లూకా దాచలేదు, తక్కువ చేసి రాయలేదు. పేర్లతో సహా రాశాడు.

ఇక మీ అసలు ప్రశ్న. తెలిసినది ఒంటికి ఎందుకు పట్టడం లేదు? మీరు ప్రేమను జీతం లెక్కలో తీసుకుంటున్నారు కాబట్టి. ఇది మీ ఒక్కరి తప్పు కాదు. మన ఇళ్లలో మగపిల్లాడికి విలువ అలాగే నేర్పుతాం. మార్కులు వస్తే భుజం తడతాం. ఉద్యోగం వస్తే నలుగురికీ పరిచయం చేస్తాం. సంఘంలో కూడా ‘బ్రదర్ ఏం చేస్తుంటారు?’ అన్నది రెండో ప్రశ్న. నలభై ఏళ్లు ఆ భాషే విన్నవాడు దేవుడి ప్రేమను కూడా ఆ భాషలోకి మార్చుకునే వింటాడు. వారానికి మూడు ఉపవాసాలు ఎందుకు మొదలుపెట్టారో మిమ్మల్ని మీరు అడిగి చూడండి. ఆకలిగొన్న బిడ్డ తండ్రి దగ్గరికి వెళ్లినట్టు వెళ్తున్నారా, లేక బాకీ తీర్చడానికి వెళ్తున్నారా? రోమా 4:4 సూటిగా చెబుతుంది: పని చేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు. జీతంగా తీసుకోవాలనుకున్నవాడికి అది దానంగా ఎన్నటికీ అందదు.

లూకా 15లో యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుని కథలో ఇద్దరు కొడుకులకూ ఉన్న జబ్బు ఇదే. ఆస్తిలో తన వాటా తీసుకుపోయి అంతా పాడుచేసుకున్న చిన్నవాడు పందుల దగ్గర కూర్చుని తండ్రితో చెప్పడానికి ఒక మాట సిద్ధం చేసుకున్నాడు: పాపం చేశాను, కుమారుడనని అనిపించుకోవడానికి యోగ్యుణ్ని కాను, నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకో. 21వ వచనంలో ఇంటికి వచ్చి ఆ మాట మొదలుపెట్టాడు. మొదటి రెండు ముక్కలూ వచ్చాయి. మూడోది రాలేదు. ‘కూలివాడిగా పెట్టుకో’ అనే లోపే తండ్రి దాసులను పిలిచి వస్త్రం తెమ్మన్నాడు. అంతా ఒప్పుకోనిచ్చాడు గానీ, కూలికి కుదురుతానన్న మాటను మాత్రం నోట్లోంచి రానివ్వలేదు. పెద్దవాడేమో పొలం నుంచి వచ్చి లెక్క విప్పాడు: ఇన్నేళ్లు సేవించాను, ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదు. ఒకడు కూలి అడగడానికి వచ్చాడు, ఇంకొకడు కూలి రాలేదని అలిగాడు. తండ్రి ఇద్దరికీ ఇచ్చిన జవాబు కొడుకు స్థానమే. ఉద్యోగం ఉన్న 14 ఏళ్లూ మీరు పెద్దకొడుకులా ఉండి, ఈ ఎనిమిది నెలల్లో చిన్నకొడుకులా అయిపోయారేమో, ఆలోచించండి. రెండు చోట్లా లెక్క ఒకటే, అంకెలు మారాయి, అంతే.

నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ప్రియమైన వాక్యం యెషయా 43:4. ‘నీవు నా దృష్టికి ప్రియుడవైనందున ఘనుడవైతివి.’ ఘనుడివి కాబట్టి ప్రియుడివయ్యావని కాదు. ప్రియుడివి కావడం ముందు, ఘనత దాని వెనక. దేవుడు ఇది ఎవరితో అన్నాడు? ఆలయం, భూమి, రాజ్యం అన్నీ పోయి బబులోనులో చెరలో ఉన్న ప్రజలతో. చేతిలో చూపించుకోవడానికి ఏమీ లేనివాళ్లతో. యేసు బాప్తిస్మం పొందిన యొర్దాను నది దగ్గర కూడా వరుస అదే. ‘నీవు నా ప్రియ కుమారుడవు, నీయందు నేనానందించుచున్నాను’ అన్న స్వరం వచ్చేనాటికి యేసుకు సుమారు ముప్పై ఏళ్లు. అప్పటికి సువార్తల్లో ఒక్క అద్భుతం లేదు, ఒక్క ప్రసంగం లేదు, ఒక్క శిష్యుడు లేడు. ఆ వెంటనే అరణ్యంలో సాతాను వేసిన మొదటి వల ఏమిటి? నీవు దేవుని కుమారుడవైతే ఏదైనా చేసి చూపించు, ఈ రాళ్లను రొట్టెలు చెయ్యి. మీకు రాత్రి రెండింటికి వినిపించే గొంతు కూడా అదే అంటుంది. కొడుకువైతే రొట్టెలు ఏవీ?

రోమా 8:15లో పౌలు వాడిన ‘దత్తపుత్రాత్మ’ అనే మాట కూడా ఇక్కడ అక్కరకొస్తుంది. రోమీయుల దత్తత చాలాసార్లు పసిపిల్లలది కాదు, పెద్దవాళ్లది. ఔగుస్తు చక్రవర్తి తిబెరియను దత్తత తీసుకునేనాటికి అతనికి నలభై దాటింది. అంటే ఇంచుమించు మీ వయసే. రోమాలో ఆ ఉత్తరం విన్నవాళ్లకు దత్తత అంటే ఊరడింపు మాట కాదు. ఇంటిపేరు, వారసత్వం మారిపోయే చట్టబద్ధమైన స్థితి. ఆ పూట మనసు ఎలా ఉందన్నదాన్ని బట్టి అది మారదు.

ఇప్పుడు ఏం చేయాలో చెబుతాను. మొదట నిద్ర, తిండి. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద చావును కోరుకున్నప్పుడు దేవుడు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, దూతతో రొట్టె, నీళ్లు పంపాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ మీద మాట్లాడింది ఆ తర్వాతే. కాబట్టి ఈ నెల ఉపవాసాలు ఆపండి. ఇది భక్తి తగ్గించడం కాదు. నిద్ర లేని ఒంటి మీద ఉపవాసం వేస్తే దిగులు పెరుగుతుంది, ఆ దిగులునే మీరు దేవుడి కోపం అనుకుంటారు. షుగరుకో బీపీకో మందులు వాడుతుంటే, తర్వాత కూడా డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. ఏ పనిలోనూ ఆసక్తి లేకపోవడం, నిద్ర చెడిపోవడం, నేను పనికిరానివాణ్నన్న ఆలోచన – ఇవి దాదాపు ప్రతిరోజూ రెండు వారాలకు మించి ఉంటే డాక్టరుకు చూపించుకోవాల్సిన సంగతి. మీ ఉత్తరం చూస్తే ఆ గీత దాటారనే అనిపిస్తోంది. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. చావు ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రాత్రే ఫోన్ చేయండి, మీ భార్యను లేపండి.

రెండోది, పొద్దున ఇరవై నిమిషాలు. ఫోన్ ముట్టుకోకముందు, అచ్చు బైబిలుతో, రోజూ ఒకే కుర్చీలో. నాలుగు వారాలకు నాలుగే భాగాలు: మొదటి వారం లూకా 15:11-32, రెండో వారం యెషయా 43:1-7, మూడో వారం రోమా 8:14-39, నాలుగో వారం యోహాను 21:1-19. వారమంతా అదే భాగం, రోజూ పైకి వినబడేలా చదవాలి. మీరు బోధించినవారు కాబట్టి కళ్లతో చదివితే పాఠం తయారుచేసే అలవాటు లేచి వస్తుంది. చెవితో వింటే ఆ అలవాటు కొంత నెమ్మదిస్తుంది. మొదటి రోజు ఊరికే చదవండి. రెండో రోజు నుంచి దేవుడు చేసిన పనులను మాత్రమే పెన్సిలుతో గీయండి, మనిషి చేసినవి వదిలేయండి. లూకా 15:20 ఒక్క వచనంలోనే ఐదు దొరుకుతాయి: చూచి, కనికరపడి, పరుగెత్తి, మెడమీద పడి, ముద్దుపెట్టుకొని. ఆ రోజుకు వాటిలో ఒక్కటి చాలు. ‘నేనింకా దూరంగా ఉన్నప్పుడే చూశావు’ అని దాన్నే ప్రార్థనగా తిప్పి చెప్పండి. ఐదు నిమిషాలు ఏమీ అడగకుండా కూర్చోండి. చివర నోటుబుక్కులో రెండు వాక్యాలు రాయండి: నిన్న నా విలువను దేనితో కొలిచాను? ఈ వాక్యం దానికి ఏమంటోంది? మొదటిదానికి జవాబు నిర్దిష్టంగా ఉండాలి. ‘లోకంతో కొలిచాను’ అని రాస్తే ఉపయోగం లేదు. ‘తోడల్లుడు కారు కొన్నాడని విన్నప్పుడు గది లోపలికి వెళ్లిపోయాను’ అని రాయాలి.

ఇది ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. నాలుగో రోజో ఐదో రోజో ఏమీ అనిపించదు. అప్పుడు ‘నాకు ఇదీ పట్టలేదు’ అనుకుంటారు. తిన్న అన్నం ఒంటికి పడుతున్నప్పుడు మనకు తెలియదు కదా, ఇదీ అంతే. ఆ రోజు ప్రేమ అనుభవంలోకి వచ్చిందా అని తడిమి చూసుకోవద్దు. ఒక రోజు తప్పితే మర్నాడు రెండింతలు చదవొద్దు. అలా చదివిన క్షణం అది మళ్లీ బాకీ అయిపోతుంది. తప్పిన రోజును వదిలేసి ఆనాటిది చదవండి. ఇంకొకటి: ‘నేను రాజకుమారుణ్ని, నాకు లేమి లేదు’ అని అద్దం ముందు గట్టిగా పలికే పద్ధతి ఇప్పుడు చాలా చోట్ల నేర్పుతున్నారు. దాని జోలికి పోకండి. యెషయా 43:2 నీళ్లు ఉండవని అనలేదు, జలములలో బడి దాటునప్పుడు నేను నీకు తోడై ఉంటానంది. లేనిదాన్ని ఉన్నట్టు పలకాల్సిన పని కొడుకుకి లేదు.

నాలుగో వారానికి వచ్చాక యోహాను 21ని కాస్త నిదానంగా చదవండి. రాత్రంతా వల వేసి ఒక్క చేప పట్టలేని మగవాళ్లు ఆ శిష్యులు. చేతకాని రాత్రి తర్వాత ఒడ్డుకు వస్తే, తొమ్మిదో వచనంలో నిప్పుల మీద చేప అప్పటికే ఉంది, రొట్టె ఉంది. తెల్లవారాక యేసు చెప్పినట్టు వల వేసి వాళ్లు పట్టిన 153 చేపలు ఒడ్డుకు లాగకముందే ఆయన భోజనం సిద్ధం చేశాడు. మీరు పట్టినవాటిలో కొన్ని తెండి అని తర్వాత అడిగాడు, ఆ పనినీ గౌరవించాడు. పేతురును ప్రశ్న అడిగింది భోజనమయ్యాకే. తనను ఎరగనని బొంకినవాణ్ని కూర్చోబెట్టి, వడ్డించి, అప్పుడు అడిగాడు.

మూడోది, ఒక మనిషి. యెషయా 43 ఒక జనాంగంతో అన్న మాట, రోమా 8 ‘మనము’ అని మొరపెట్టే మాట. కొడుకు స్థానం ఒంటరిగా గదిలో అనుభవానికి రాదు, తోబుట్టువుల మధ్యే వస్తుంది. రాత్రి ఫోన్ సంగతి చెప్పుకోవాల్సింది కూడా ఇక్కడే. ఆదాము చెట్ల చాటుకు పోయినప్పుడు దేవుడు వేసిన మొదటి ప్రశ్న ‘నీవు ఎక్కడ ఉన్నావు’ అని, ఆ అధ్యాయం ముగిసేలోపు చొక్కాయిలు తొడిగించాడు కూడా. దాచుకున్నది దాచుకున్నట్టే ఉంటే, ఎవరు మిమ్మల్ని ప్రేమించినా ‘అసలు సంగతి తెలిస్తే ప్రేమించరు’ అన్న మాట లోపల తిరుగుతూనే ఉంటుంది. అందుకే యాకోబు 5:16 ఒకనితోనొకడు ఒప్పుకోమంది.

ఎవరిని ఎంచుకోవాలన్నది ముఖ్యం, తప్పు మనిషికి చెబితే గాయం ముదురుతుంది. మీకు ఇతరుల రహస్యాలు ఎప్పుడూ చెప్పనివాడు, తన ఓటమి గురించి ఒక్కసారైనా నోరు విప్పినవాడు, మీకు ఉద్యోగం ఇప్పించే స్థితిలో గానీ మీకు అప్పు ఇచ్చిన స్థితిలో గానీ లేనివాడు అయితే మంచిది. మగవాడే అయి ఉండాలి. గుంపులో వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. సాయంత్రం ఒక గంట నడకకు రమ్మనండి. ‘అన్నా, నాకు సలహా వద్దు, అరగంట వినండి, తర్వాత ప్రార్థన చేయండి, వచ్చే వారం ఇదే రోజున మళ్లీ అడగండి’ అని ముందే చెప్పండి. ఇంట్లో చేయాల్సింది చిన్నదే: రాత్రి పదింటికి ఫోన్, ఛార్జరు రెండూ హాల్లో పెట్టేయండి. అలారానికి విడిగా గడియారం కొనండి. అయినా పడిపోతే వారం దాకా ఆగకుండా మర్నాడే ఆ అన్నకు చెప్పండి.

ఇంటి పనులు చేయండి. బాక్సులు కట్టడం, పిల్లల్ని దింపడం, గిన్నెలు కడగడం. కానీ జీతానికి బదులుగా చేస్తున్నానని అనుకోవద్దు. అలా అనుకుంటే ఆమె మెచ్చుకోని రోజున కోపం వస్తుంది, పెద్దకొడుకు మేకపిల్ల లెక్క మళ్లీ మొదలవుతుంది. నైట్ డ్యూటీ చేసి వచ్చిన మనిషిని ‘నా మీద నీకు గౌరవం ఉందా’ అని రోజూ అడగొద్దు. ఆ ప్రశ్నకు ఆమె దగ్గర ఉన్న జవాబు చాలదు, అది ఆమె మోయాల్సిన బరువు కూడా కాదు. పిల్లలకు మాత్రం ఒకటి మొదలుపెట్టండి. పడుకునేముందు తల మీద చేయి పెట్టి, పేరు పెట్టి పిలిచి, ‘నువ్వు నా బిడ్డవి, నువ్వంటే నాకు ఆనందం’ అనండి. పరీక్ష ఫలితాలు రాకముందు రోజు తప్పకుండా అనండి.

ఉద్యోగ ప్రయత్నానికి పొద్దున మూడు గంటలు కేటాయించి, తర్వాత ఆపేయండి. రోజంతా వెతికితే రోజంతా తిరస్కారమే కళ్ల ముందు ఉంటుంది. తక్కువ జీతం పని వస్తే ఇంటి లెక్కను బట్టి నిర్ణయించండి, చుట్టాల మాటను బట్టి కాదు. పౌలు కొరింథులో డేరాలు కుట్టాడు.

సంఘానికి తిరిగి వెళ్లండి, కానీ లెక్కల పుస్తకంతో వెళ్లండి. మూడు నెలలుగా సహవాసం డబ్బు మీ దగ్గరే ఉంది. రసీదులు, నగదు, బ్యాంకు నిల్వ సరిచూసి, కార్యదర్శి ముందు సంతకం పెట్టి అప్పగించండి. ఇష్టమైతే తర్వాత మళ్లీ తీసుకోవచ్చు. ఆ పుస్తకం ఇంట్లో ఉన్నంతకాలం లేనిపోని భయం పెరుగుతుంది. కానుక సంచి మీ ముందుకు వచ్చినప్పుడు చేతిలో పది రూపాయలే ఉంటే పదే వేయండి. లేనిదానిని బట్టి కాదు, కలిగినదానిని బట్టే ఇచ్చింది ప్రీతికరమని 2 కొరింథీయులకు 8:12 చెబుతోంది. సాక్ష్యాల సమయంలో లేచి ఏదో చెప్పాలని లేదు. ఆ పెద్దాయన మీద కోపం పెట్టుకోకండి. వీలైతే పాస్టర్ గారితో కలిసి 1 తిమోతి 5ను మొత్తం ఆయనతో చదివించండి.

చివరిది, అన్నిటికన్నా కష్టమైనది, మీ నాన్నగారు. ఆయనకు అబద్ధం చెబుతున్నంతకాలం, ‘తండ్రి’ అన్న మాట ప్రార్థనలో నోటికి వచ్చినప్పుడల్లా ఆయన ముఖమే అడ్డొస్తుంది. తండ్రి అనడం మరీ కష్టమైతే కొన్నాళ్లు ‘యెహోవా, నా కాపరీ’ అని పిలవండి, తప్పేం లేదు. కానీ నిజం చెప్పడం వాయిదా వేయకండి. పండక్కి వద్దు, పదిమందిలో వద్దు, ఫోన్లో వద్దు. పైన చెప్పిన పొద్దుటి చదువు రెండు వారాలు సాగాక, ఒక శనివారం మీరే వెళ్లండి. మాట పొడిగించకుండా ఇంత చెప్పండి: ‘నాన్నా, ఎనిమిది నెలల క్రితం నా ఉద్యోగం పోయింది. మీకు చెప్పడానికి సిగ్గుపడ్డాను. ఆఫీసులో ఉన్నానని అబద్ధం చెప్పాను, క్షమించండి. ఇల్లు మీ కోడలు నడుపుతోంది. నేను వెతుకుతున్నాను.’ కంపెనీని తిట్టొద్దు, ఫలానా నెలలోపు ఉద్యోగం తెచ్చుకుంటానని మాట ఇవ్వొద్దు. ఆయన కోప్పడవచ్చు, ఎవరి కొడుకుతోనో పోల్చవచ్చు, ఏమీ అనకుండా లేచి పెరట్లోకి వెళ్లిపోవచ్చు. అబద్ధం చెప్పినందుకు ఆయన నొచ్చుకుంటే ఆ నొప్పి న్యాయమైనదే, దాన్ని ఒప్పుకోండి. పోలికకు మాత్రం జవాబు ఇవ్వకండి. ఆ సాయంత్రమే తిరుగు బస్సు ఎక్కాలనిపిస్తుంది. ఎక్కొద్దు. ఆయన పక్కన కూర్చుని భోజనం చేసి, రాత్రి అక్కడే పడుకుని, ఆదివారం ఆయనతో కలిసి ఆరాధనకు వెళ్లి రండి.